బొంగురుపోని హారన్

అడవిలోని ఆ భద్రతా దళాల పోస్టుకు నేను మెకానిక్‌గా చేరింది జూలైలో, మధ్యాహ్నం రెండుంపావుకి. సుక్మా నుంచి ట్రక్కులో మరైగూడ వైపు వచ్చి, పెద్ద క్యాంపు దగ్గర దిగి, అక్కడి నుంచి పదకొండు కిలోమీటర్లు నడిచాను. వీపు మీద ఇరవై రెండు కిలోలు. అందులో ఆరు కిలోలు పానాలు, ప్లగ్గులు, క్లచ్ కేబుళ్లు. వాన ఆగి పావుగంటయింది. ఎర్రమట్టి బూటును పట్టుకుంటే వదలడం లేదు. సగం దారిలో వాగు. దాని మీది కల్వర్టు రెండు ముక్కలై పడి ఉంది, ముక్కల మీద రెండు దుంగలు పరిచారు. జీపు రాదు. మనిషి వస్తాడు, మోటార్ సైకిల్ వస్తుంది. అంతే.

పోస్టు ఒక గుట్ట మీద. ఇసుక బస్తాలు, రేకుల కప్పు, చుట్టూ ముళ్లతీగ. ఇరవై ఆరుగురం. ఒక సోలార్ పలక. రెండు వైర్‌లెస్ సెట్లు, ఒకటి పోస్టులో ఉంటుంది, ఒకటి గస్తీతో వెళుతుంది. ఒక బండి. తుపాకీ అందరికీ ఉంది గానీ బండి నా ఒక్కడి పూచీ. మా ఊళ్లో టీ తాగేటప్పుడు అందరూ కాల్పుల గురించే అడుగుతారు. అక్కడున్న తొమ్మిది నెలల్లో నేను కాల్చింది సున్నా. నేను మోసినవన్నీ బ్యాటరీలే.

గుట్ట కింద నలభై ఇళ్ల ఊరు. దోర్లా గిరిజనులు. వాళ్ల మాట మన తెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఊళ్లో ఎవరికి బాగోలేకపోయినా మా బండి మీద పెద్ద క్యాంపుకు చేర్చాలని ఆర్డరు. నేను నడిపేవాణ్ని, మధ్యలో రోగి, వెనక ఒక చుట్టం పట్టుకుని కూర్చోవాలి. ముప్పై అయిదు నిమిషాలు. అదే డోలీ కట్టి మోస్తే నాలుగు గంటలు. రెండు నెలల్లో ఐదుగుర్ని చేర్చాను. ఐదుగురూ తిరిగొచ్చారు. దాంతో ఊరికి నా మీద కాదు గానీ, బండి మీద గురి కుదిరింది.

కొత్త రకం బండి అది. కిక్ రాడ్ లేదు, బటన్ నొక్కాల్సిందే. పెట్రోలును ఇంజనులోకి పంపే పంపు కూడా కరెంటుతోనే పనిచేస్తుంది. బోరింగు దగ్గరకు నీళ్లకొచ్చే గంగి అనే ఆవిడ మొదటి వారంలోనే అది కనిపెట్టింది. ముప్పై ఏళ్లుంటాయేమో. బిందె కింద పెట్టి బండి చుట్టూ తిరిగింది.

"కాలితో తన్నే కడ్డీ లేదేంది సారూ? మొండికేస్తే ఏం జేస్తవ్?"

"మొండికెయ్యదు" అన్నాను.

"ఎడ్లు గూడ మొండికేస్తయి. ఇదెందుకెయ్యది?" అని నవ్వి, బిందె ఎత్తుకుని పోయింది. ఆవిడ మొగుడు ఎర్రయ్య పక్కనే ఉండి సిగ్గుపడ్డాడు, సారుతో అట్లా మాట్లాడొద్దు అన్నట్టు.

రేడియో ఆపరేటర్ కిరండూల్‌లో పుట్టి పెరిగినవాడు. తండ్రి రైల్వే గ్యాంగ్‌మన్, సాలూరు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఇతనికి తెలుగు, హిందీ, హల్బీ, గోండీ నాలుగూ వచ్చు. నాది పార్వతీపురం అని తెలియగానే నన్ను గురూ అని పిలవడం మొదలుపెట్టాడు. వానాకాలంలో సోలార్ పలక పనిచేయదు. సెట్టు ఛార్జింగుకు ఇతను బండి బ్యాటరీకి క్లిప్పులు తగిలించేవాడు. ఆ పోస్టులో నాకు ముందు నుంచీ ఉన్న పద్ధతి అది. ఊరికే ఇంజను నడపడానికి వీల్లేదు, పెట్రోలు మనుషుల వీపుల మీద వస్తుంది. అందుకని బ్యాటరీలో ఛార్జింగు ఉందో లేదో తెలియడానికి రోజూ పొద్దున ఆరింటికి నేను హారన్ కొట్టాలి. హారన్ గట్టిగా మోగితే రిజిస్టర్లో ఓకే అని రాయాలి. హారన్ గొంతు బొంగురుపోతే అరగంట ఇంజను నడపాలి. రాసిన ఆర్డరు కాదు గానీ దాన్ని ఎవరూ ఎప్పుడూ తప్పలేదు.

పాత లెడ్ బ్యాటరీ నా ప్రాణం తీసేది. మూడున్నర కిలోల బరువు. దుంగల మీద బండి పక్కకు ఒరిగితే యాసిడ్ కారేది. ఒకసారి తొడ మీద ప్యాంటు అరచేయంత కాలిపోయింది. సెప్టెంబరు మొదట్లో పెద్ద క్యాంపు స్టోరుకు లిథియం బ్యాటరీలు వచ్చాయి. పాతది జమ చేస్తేనే కొత్తది ఇస్తారు. పాతదాన్ని వీపున వేసుకుని నడిచి వెళ్లి, కొత్తదాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నంత హాయిగా తెచ్చాను. కిలో కూడా లేదు. యాసిడ్ లేదు. కొత్తొక వింత, పాతొక రోత. ఆ రోజు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ముందు నల్ల వైరు విప్పాను, తరవాత ఎర్ర వైరు. కొత్తది చిన్నది, పాతదాని గూట్లో గడగడలాడుతోంది. సందుల్లో అట్టముక్కలు దోపాను. ఒక మూల ఇంకా కదులుతోంది. పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి అక్కడ దూర్చాను. సరిగ్గా సరిపోయింది. చదవాల్సిన కాగితాన్ని సందులో దోపినవాణ్ని నేనే. ఎర్ర వైరు, నల్ల వైరు, బటన్ నొక్కాను. చిటికెలో లేచింది.

ఆపరేటర్ హారన్ కొట్టి చూశాడు. "ఏటి గురూ ఇది, లారీ హారన్లా ఉంది!"

సెప్టెంబరు చివర్లో ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు లేడు. నాలుగు సాయంత్రాలు ఆపరేటర్ క్లిప్పులు తగిలించాడు. నాలుగు పొద్దులు నేను హారన్ కొట్టాను. ఖంగున మోగింది. ఓకే, ఓకే, ఓకే, ఓకే. నా చేతి రాతే, నా సంతకమే.

ఐదో రోజు పొద్దున అయిదున్నరకు ఎనిమిది మంది రెండో సెట్టు తీసుకుని గస్తీకి వెళ్లారు. ఆరింటికి నేను హారన్ కొట్టాను. ఓకే. ఏడూ నలభైకి ఎర్రయ్య, మరో ముగ్గురు నులక మంచం మోసుకుంటూ గుట్ట ఎక్కారు. మంచం మీద గంగి.

"రాత్రి కింద పండుకున్నది సారూ. తెల్లారగట్ల కడుపునొప్పి అన్నది. ఇప్పుడు కండ్లు తెరుస్తలేదు. చాపకింద కట్లపాము దొరికింది."

చెవి కింద రెండు చుక్కలు. వాపు లేదు. రెప్పలు వాలిపోయి ఉన్నాయి గానీ స్పృహలోనే ఉంది. నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది. "సారూ, బండి తియ్యి" అంది. మాట ముద్దగా వచ్చింది.

ఆపరేటర్ పెద్ద క్యాంపుకు సెట్టు కలిపాడు. అక్కడ వైద్యం చూసే నర్సింగ్ హవల్దార్ గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది. రెప్పలు వాలాయా అని హిందీలో అడిగాడు. వాలాయని చెప్పాం. "సూది మందు సిద్ధం చేస్తున్నా. టైం లేదు. తెచ్చేయండి, ఓవర్."

బండిని గేటు దగ్గరకు తెచ్చి బటన్ నొక్కాను. ఇంజను ఒక్క చుట్టు తిరిగింది. మళ్లీ నొక్కాను. మొత్తం ఆరిపోయింది. మీటరు లేదు, లైటు లేదు. హారన్ నొక్కాను. అది బొంగురుపోలేదు, అసలు నోరే తెరవలేదు.

అప్పటికి నాకు తెలియనిది ఇది. లెడ్ బ్యాటరీ ఖాళీ అవుతుంటే ముందే మూలుగుతుంది. లైటు మసకబారుతుంది, హారన్ గొంతు తగ్గుతుంది. లిథియం అలా కాదు. చివరి చుక్క దాకా అదే జోరు. తరవాత తనని తాను కాపాడుకోవడానికి లోపలి సర్క్యూటు తలుపు మూసేస్తుంది. నాలుగు రోజులుగా సెట్టు దాన్ని తాగుతూనే ఉంది. సెట్టు నిండుగా ఉంది. బండి ఖాళీ.

"తోద్దాం సారూ" అన్నాడు ఎర్రయ్య. "పోయిన నెల తోస్తే లేసింది గద."

లేచింది నిజమే, పాత బ్యాటరీలో ఎంతో కొంత మిగిలి ఉండేది. ఇందులో అదీ లేదు. పంపుకు కరెంటు లేకపోతే తోసి ఏం లాభమో ఒక మెకానిక్‌గా నాకు తెలుసు. అయినా ఎక్కి కూర్చుని క్లచ్ పట్టుకున్నాను. అయిదుగురు తోశారు. పోస్టు ముందు చదును నేల అరవై గజాలుంటుంది. ఆ చివరి దాకా తోసి, వెనక్కి తిప్పి, మళ్లీ తోశారు. బురదలో చెప్పుల్లేని కాళ్లు జారుతున్నాయి.

"ఇంకొక్కసారి" అన్నాడు ఎర్రయ్య. "ఇంకొక్కసారి సారూ." నాలుగు సార్లు తోశారు. పదహారు నిమిషాలు పోయాయి.

దిగి, పోస్టు కమాండర్ దగ్గరకు పరిగెత్తాను. హర్యానా మనిషి, నెమ్మదస్తుడు. సెట్టు బ్యాటరీ ఇప్పించండి, బండి పంపుకు కట్టి తోస్తే లేస్తుంది అన్నాను.

"లేస్తుందా? గ్యారంటీ?"

"చెప్పలేను సాబ్."

ఆయన అడవి వైపు చూశాడు. "ఎనిమిది మంది బయట ఉన్నారు. వాళ్లు పిలిస్తే పలికేది ఈ సెట్టొక్కటే. సెట్ నహీ దూంగా, ఇవ్వను." అని, నా మొహం చూడకుండా, "మాఫ్ కర్నా" అన్నాడు, క్షమించమని. నేను ఆయన్ని తప్పుపట్టలేను. ఆ కుర్చీలో నేనున్నా అదే చెప్పేవాణ్ని. కానీ ఆ పూట ఆయన మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అదీ నిజమే.

పెద్ద క్యాంపు బండ్లు రెండూ రోడ్డు తనిఖీ దళంతో తెల్లవారుజామునే వెళ్లిపోయాయట. నర్సింగ్ హవల్దార్ మందు ఐస్ పెట్టెలో పెట్టుకుని, నలుగురు జవాన్లతో నడిచి బయలుదేరతానన్నాడు. వాగు దగ్గర కలుద్దామన్నాడు. "ఊపిరి చూస్తూ ఉండండి. ఆగితే నోటితో ఊదండి. ఆపొద్దు. ఓవర్ అండ్ అవుట్." ఆ తరవాత మాకు అతని గొంతు లేదు. సెట్టు పోస్టులోనే ఉండాలి కదా.

ఎనిమిదీ పదిహేనుకు మంచానికి వెదురు బొంగు కట్టి బయలుదేరాం. నలుగురం మోశాం, అందులో నేనొకణ్ని. వాన సన్నగా పడుతూనే ఉంది. ఎర్రయ్య నడుస్తున్నంతసేపూ వాళ్ల మాటలో ఆమెకు ఏదో చెబుతూనే ఉన్నాడు. మొదట్లో ఆమె ఊఁ కొట్టింది. తొమ్మిదింటికి ఊఁ ఆగింది. తొమ్మిదీ నలభైకి ఊపిరి ఆగింది. దించి, ముక్కు మూసి, నోట్లోకి ఊదాను. ఛాతీ లేచింది. నేను అలిసిపోతే ఎర్రయ్య ఊదాడు. ఎట్లా ఊదాలో ఒకసారి చూపిస్తే చాలు, పట్టుకున్నాడు. వాగు ఇంకా అర కిలోమీటరు. ఊదుతూ ముందుకు మోయడం కుదరదు, మోస్తూ ఊదడం కుదరదు. అక్కడే ఉండిపోయాం.

హవల్దార్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పదీ ఇరవై. మెడ మీద వేళ్లు పెట్టాడు. టార్చి వేసి కళ్లు చూశాడు. ఎర్రయ్య ఇంకా ఊదుతూనే ఉంటే భుజం పట్టుకుని ఆపాడు. చేతి గడియారం చూసి, "దస్ బాయీస్" అన్నాడు. పదీ ఇరవై రెండు. బండి లేచి ఉంటే ఎనిమిదిన్నరకల్లా ఆమె క్యాంపులో ఉండేది.

గస్తీ నాలుగింటికి క్షేమంగా తిరిగొచ్చింది. ఆ రోజంతా వాళ్లు సెట్టులో మాట్లాడింది ఒక్కసారేనట. "సబ్ ఠీక్" అని, అంతా బాగానే ఉందని.

రెండో రోజు ఎండ కాసింది. సోలార్ పలకకు కలిపి మూడు గంటలు ఛార్జింగు పెడితే, బండి ఒక్క నొక్కుకు లేచింది. దాన్ని తన్నాలనిపించింది. బ్యాటరీ గూడు విప్పి, ఆ మడతల కాగితం తీసి చదివాను. మూడో లైనులోనే ఉంది. లైటును, హారన్‌ను బట్టి ఛార్జింగును అంచనా వేయొద్దని, మీటరుతోనే చూడాలని. ఆపరేటర్‌కు చదివి వినిపించాను. అతను క్లిప్పులు చేతిలోకి తీసుకున్నాడు. "నా సెట్టే తాగేసింది గురూ" అన్నాడు. కాదని చెప్పాను. అవునని ఇద్దరికీ తెలుసు.

వారం తరవాత బోరింగు దగ్గర ఎర్రయ్య కనిపించాడు. ఆ రోజు నుంచి నీళ్లకు అతనే వస్తున్నాడు. తిడతాడని సిద్ధపడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"సారూ, బండి లేసిందా?"

"లేచింది."

"మంచిగైంది" అన్నాడు. "ఇంకెవరికన్నా పనికొస్తది." బిందె భుజానికెత్తుకుని దిగిపోయాడు.

మార్చిలో బండి తాళం కొత్త మెకానిక్ చేతిలో పెట్టాను. దాంతోపాటు ఒక మీటరు, ఆ ఇంగ్లీషు హెచ్చరికను హిందీలో నా చేత్తో రాసిన కాగితం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మరుసటేడు ఉద్యోగం వదిలి పార్వతీపురం వచ్చేశాను. బజార్లో చిన్న షెడ్డు వేశాను. బండి తెచ్చినవాళ్లు హారన్ కొట్టి, "బ్యాటరీ బాగానే ఉంది కదా" అంటారు. నేను మీటరు పెడతాను.

ఒక్కటి ఆపరేటర్‌కు కూడా చెప్పలేదు. నాలుగోసారి తోస్తున్నప్పుడు బండి మంచం ముందు నుంచి వెళ్లింది. నేను తల తిప్పి చూశాను. గంగి మోచేతి మీద కొంచెం లేచి ఉంది. రెప్ప దానంతట అది లేవడం లేదు. చూపుడు వేలితో కుడి కంటి రెప్పను పైకెత్తి పట్టుకుని, బండి లేచిందా లేదా అని చూస్తోంది.