బావ నమ్మని బ్రేకు

ఈ రోజు బొగ్గుగనిలో డ్యూటీ దిగి వచ్చి, నా పాత మోటారుసైకిలు ముందు చక్రం మా క్వార్టరు వాకిట్లోనే విప్పాను. బ్రేకు షూల మీది లైనింగు పూర్తిగా అరిగిపోయింది. దాన్ని పీకేసి, మందపాటి కొత్త లైనింగును రివిట్లు కొట్టి నేనే బిగించాను. పక్క క్వార్టరు రాజయ్య బావ బీడీ కాలుస్తూ అంతా చూశాడు.

"గిది ఇంట్ల చేసే పనానోయ్? మెకానిక్కుకు ఇయ్యరాదూ? గీ బండెక్కితె సీదా దవాఖానకే," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేది నేను. ఆ దుంగల కింద నిలబడి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తేది ఈ బావే.

"బావా, షిఫ్టంత నేను పెట్టిన దుంగల కిందనే ఉంటవు గద. నా బ్రేకు మీద నమ్మకం లేదా?" అని అడిగాను.

"ఆడ వేరే దిక్కు లేకపాయె," అన్నాడు.

చక్రం ఎక్కించి, నట్లు బిగించి బండి ఎక్కాను. గడపలో బియ్యం చెరుగుతున్న మా ఆవిడ చేట పక్కన పెట్టి వచ్చి వెనక కూర్చుంది.

"పోనియ్యుండ్రి, ఎట్ల ఆగదో చూద్దాం," అంది.

గల్లీ పైదాకా వెళ్లి తిప్పి, ఏటవాలులో జోరుగా దిగి, బావకు జానెడు దూరంలో బ్రేకు వేశాను. బండి ఆగింది. బావ ఆగలేదు, ఒక్క గెంతులో పక్కనున్న మురికినీళ్ల మోరీ దాటాడు.

నాది తప్పంటారా? అనండి, పడతాను. కానీ రేపు ఫస్టు షిఫ్టులో బావ మళ్లీ నా దుంగల కిందికే వస్తాడు. అక్కడ గెంతడానికి చోటు కూడా ఉండదు.