పెద్దమ్మ ఇంట్లో బ్రెడ్డూ జామూ

ఆ రోజుల్లో మెడలో ఒక గుర్తింపు కార్డు వేలాడితే చాలు, నాకు తెలియనిదంటూ లోకంలో లేదనిపించేది. మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకి తోడుండే వలంటీర్‌నని ఆ కార్డు చెప్పేది. (ఫొటోలో మాత్రం దారి తప్పిన దానిలా ఉండేదాన్ని.) నాకు అప్పగించిన మనిషి ఇథియోపియా నుంచి వ్యవసాయం చదవడానికి వచ్చాడు. ఎత్తు చూసి అందరం పొడుగన్న అనేవాళ్లం. ఆరు నెలలయ్యాక ఓ రోజు ఆయన ఇంగ్లీషులో మెల్లగా, "అందరూ నాతో సెల్ఫీలు దిగుతారు, భోజనానికి మాత్రం ఎవరూ పిలవరు. ఈ సెమిస్టరు కాగానే ఇంటికి వెళ్లిపోతాను" అన్నాడు. ఆయన మీద జాలి కొంతే, నా కార్డు పరువు పోతుందన్న భయమే ఎక్కువ.

వెంటనే ప్రత్తిపాడు దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో మిరప రైతులతో మాట్లాడే కార్యక్రమం పెట్టించాను. భోజనం పెద్దమ్మ ఇంట్లోనే. "ఫారిన్ ఆయన పెద్దమ్మా, కారం తగిలితే కళ్లు తిరిగి పడిపోతాడు" అని ఫోన్లో ఒకటికి పదిసార్లు హెచ్చరించాను. పెద్దమ్మ నా మాట జవదాటలేదు. మా అందరికీ కింద చాప మీద అరిటాకులు, వేడన్నం, ముద్దపప్పు, పండుమిరప పచ్చడి. పొడుగన్నకి అవతల కిటికీ పక్కన కుర్చీ, బల్ల, దాని మీద కొత్త దుప్పటి, బ్రెడ్డు, జాము, మూత తియ్యని నీళ్ల సీసా. పెద్దనాన్న పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు. (ఇంత మర్యాద మా బావకి పెళ్లిలో కూడా జరగలేదు.)

పొడుగన్న బ్రెడ్డు ముట్టుకోలేదు. నన్ను పిలిచి చిన్న గొంతుతో, "నేను వాళ్ల పక్కన కూర్చోకూడదా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఏమంటున్నాడే?" అంది పెద్దమ్మ. చెప్పాను. "అయ్యో రాత! ఈయనకి కారం పడదని నీకెవరు చెప్పారే?" "ఎవరూ చెప్పలేదు." "పోనీ, నువ్వడిగావా?" అడగలేదు. ఆరు నెలలు పక్కనే తిరిగి, ఆయన వాళ్లమ్మ ఏం వండేదో కూడా అడగలేదు. (అసలు కారం పడనిది నాకు. గుంటూరులో పుట్టి ఈ మాట పైకి ఎలా చెప్పను?)

పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "రా నాయనా, ఇట్టా కూర్చో" అని చాప మీదికి లాగింది. పొడుగన్న నెయ్యి వేసుకుని పచ్చడి కలిపాడు. అందరం తినడం ఆపి చూస్తున్నాం. మొదటి ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. తెరిచాక, వాళ్లమ్మ కూడా ఇంటి ముందు మిరపకాయలు ఎండబెడుతుందని చెప్పి, ఆకు ముందుకి జరిపాడు. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా తలూపి, "మొహమాటపడితే తంతాను" అంటూ ఇంకో గరిటె వేసింది. ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. బ్రెడ్డూ జామూ నేను తిన్నాను.

పొడుగన్న వెళ్లిపోలేదు. చదువు అయ్యేదాకా ఆదివారమైతే చాలు, ఆ ఊరి బస్సెక్కేవాడు. నన్ను తోడు రమ్మని ఒక్కసారీ పిలవలేదు. అప్పట్లో కాస్త ఉడుక్కున్నాను కూడా. ఇప్పుడు ఆ కార్డు పిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. మొన్న పెద్దమ్మకి ఫోన్ చేస్తే, "తర్వాత మాట్లాడతానే, మా పెద్దాడు ఇథియోపియా నుంచి లైన్లో ఉన్నాడు" అని టక్కున పెట్టేసింది.