అయ్యవారు దిద్దని తప్పు

నా చిన్నప్పుడు కమలాపురంలో ఆడపిల్లల చదువు ఐదో తరగతితోనే ఆగిపోయేది. మా నాన్న అంగడి నడిపే వర్తకుడు. నేను ఇంకా చదువుకుంటానంటే కాదనలేదు గానీ, నన్ను ఊరు దాటి పంపే ధైర్యం ఆయనకు లేదు. అప్పుడు మా పక్కింటి అయ్యవారు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే సాయిబు, తన కూతురితో పాటు నన్నూ కూర్చోబెట్టుకుంటానన్నారు. ఆ పిల్లది నా ఈడే. సాయంత్రం ఆయన బడినుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే, వాళ్ల వసారాలో చాప మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆయన మెత్తని మనిషే, కానీ తప్పును మాత్రం సహించేవారు కాదు. ఒక్క చిన్న మాట అటూ ఇటూ అయినా, సరిగ్గా చెప్పేదాకా ముందుకు పోనిచ్చేవారు కాదు.

ఆ ఎండాకాలం 'గో ఆన్' అనే మాట దగ్గర ఇద్దరం చిక్కుబడ్డాం. కొనసాగడమే దాని అర్థం. కానీ వెనకాల వచ్చే చిన్న మాటను బట్టి అర్థం మారిపోతుంది. 'విత్' వస్తే, పట్టిన పనిని వదలకుండా చేయడం. 'టు' వస్తే, ఒకటి ముగించి తర్వాతిదానికి పోవడం. 'ఎట్' వస్తే, ఒకరిని అదేపనిగా సాధించడం. ఆ చివరిది వినగానే నా స్నేహితురాలు, "అమ్మ నన్ను పొద్దస్తమానం చేసేది అదే గదా అబ్బా" అంది. వంటింట్లోంచి వాళ్లమ్మ, "ఏమంటాంది అది నన్ను?" అని అడిగింది. అయ్యవారు నవ్వుతూ పుస్తకం మూశారు. 'వితౌట్' సంగతి రేపు చెప్పుకుందామన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి ఆ పిల్లకు గత్తర తగిలింది. కలరాను మేమప్పుడు అలాగే అనేవాళ్లం. పాపఘ్ని ఏటి ఇసుకలో చెలమలు తోడుకుని ఆ నీళ్లే తాగే రోజులవి. పొద్దు వాలకముందే పోయింది. మమ్మల్ని ఆ గడప తొక్కనివ్వలేదు. మా మిద్దె మీద నిలబడి, మగవాళ్లు తనను మోసుకుపోవడం చూశాను. అంత బరువు మోస్తూ అంత తేలికగా ఎలా నడుస్తున్నారా అనుకున్నాను.

తర్వాత నేను పాఠానికి పోలేదు. పొమ్మని ఇంట్లోనూ ఎవరూ అనలేదు. నలభై దినాల ఫాతెహా ప్రార్థనలు అయిపోయాక ఒక సాయంత్రం అయ్యవారే మా వాకిట్లోకి వచ్చి, "పాపను పంపియ్యమ్మా" అన్నారు.

మా అమ్మ తలుపు చాటునుంచే, "యాడికి పంపేది అయ్యోరా? ఈ పిల్ల పోయి ఆడ కూచుంటే ఆయమ్మ కడుపు ఏమైతాది?" అంది.

"రమ్మనింది ఆమేనమ్మా. సాయంత్రమైతే పాఠం వినపడక, ఆ ఇంట్లో ఉండలేకుండా ఉండాది" అన్నారాయన.

వసారాలో చాప పరిచే ఉంది. నేను ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చున్నాను. అయ్యవారు 'విత్' చెప్పించారు, 'టు' చెప్పించారు. 'ఎట్' అననే లేదు. 'వితౌట్' దగ్గరికి వచ్చి, "లేకుండానే కొనసాగడం" అని, వాక్యం చెప్పమన్నారు. నాకు వాక్యం తెలుసు, కానీ చాప మీద ఖాళీగా ఉన్న వైపు చూశాను. ఆయన కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుస్తూ ఉండిపోయారు.

ఆ పిల్ల వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పాఠం యాల నిలిపినారు?" అని అడిగింది. ఆయన దాచకుండా ఆ మాటకు అర్థం చెప్పారు. ఆమె వచ్చి చాప మీద నా పక్కన, తన బిడ్డ కూర్చునే చోట కూర్చుంది.

"ముందర ఇంకో మాట చెప్తాంటిరి గదా. విత్తో ఏమో. దానికేమి అర్థం?"

"తోడు అని."

"అయితే పాపకు అదే చెప్పండి. మనం మన బిడ్డ తోడుగానే పోతాండామని చెప్పండి. ల్యాకుండా అనే మాట ఈ ఇంట్లో వద్దు."

ఆ వాక్యం తప్పు. 'గో ఆన్' పక్కన 'విత్' వచ్చేది పట్టిన పని కోసం. పోయిన మనిషి కోసం కాదు. ఆ సంగతి ఆయన చెప్పిందే. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన బలపం తీసుకుని ఆమె మాటను అలాగే ఇంగ్లీషులో నా పలక మీద రాసి, నెమ్మదిగా చదివారు. ఆమె పెదవులు కదుపుతూ ఆయన వెంట చెప్పింది. నేనూ చెప్పాను.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చి కూర్చునేది. ఇంగ్లీషు ఆమెకు పట్టుబడలేదు; పట్టుబడాలనే కోరికా ఆమెకు ఉన్నట్టు లేదు. నేను మెట్రిక్ గట్టెక్కేదాకా మాత్రం ఆ చోటు ఖాళీగా ఉండనివ్వలేదు.

తర్వాత నేనూ చాలా కాలం పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. నా దగ్గర చదివినవాళ్లు నన్ను ఇప్పటికీ గట్టి పంతులమ్మ అనే అంటారు. కానీ ఎవరైనా పోయినవాళ్ల గురించి మాట్లాడుతూ 'ఉన్నాడు' అంటే, 'ఉండేవాడు' అని నేను దిద్దను. మా ఆయన పోయాక నేనూ అలాగే మాట్లాడుతున్నాను.