ఒంటరిగా బస్సెక్కిన అత్త

ఈ రోజు ఆదివారం. శ్రావణమాసం మూడో శనివారం వెళ్ళిన మర్నాడు. సెలవు కదా అని ప్రొద్దుటూరు హాస్టల్ నుంచి పొద్దున్నే బయల్దేరి వేంపల్లెలో బస్సు దిగాను. దిగగానే ఎదురుగా అత్త కనిపించింది, బస్టాండు గోడకు కట్టిన ఫ్లెక్సీలో.

అత్త చనిపోయిందని నాకు అలా తెలిసింది. పరీక్షలు దగ్గరపడ్డాయని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేయలేదట. ఫ్లెక్సీ వేయించడానికి మాత్రం ఎవరూ తెల్లారేదాకా ఆగలేదు. పైన వరసగా నాయకుల ముఖాలు, కింద మా వీధి సేవా కమిటీ సభ్యుల ముఖాలు, మధ్యలో అత్త. ఏదో పెళ్ళి ఫోటోలోంచి ఆమెను కత్తిరించి పెట్టారు. పక్కన నిలబడినవాళ్ళ భుజం కొంచెం మిగిలిపోయింది. కింద ‘సంఘసేవకురాలికి అశ్రునివాళి, ఆమె మరణం తీరని లోటు’ అని రాశారు. ఆమె చేసిన సేవ ఏమిటో మాత్రం రాయలేదు.

నేను రాస్తాను.

ఆమె మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. నాన్నను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. చీరలకు ఫాల్ కుట్టి, అంచులు మడిచి కుట్టి బతికేది. పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళకు ఆమె తోడు వెళ్ళేది. అంతే ఆమె సేవ. చెబితే ఇంత చిన్నగా ఉంటుంది. మా వీధివాళ్ళకే కాదు, చక్రాయపేట వైపు పల్లెల నుంచి ఎవరైనా వచ్చి తలుపు తట్టినా సరే, చేతిలో ఉన్న చీరను సంచిలో పెట్టుకుని పులివెందులకో ప్రొద్దుటూరుకో వాళ్ళతో బస్సెక్కేది.

ఈ రోజు అత్త ఇంట్లో అడుగుపెట్టగానే నాకు మొదట కనిపించింది పూలంగడి వాళ్ళ కోడలు. నిండు నెలలు దగ్గరపడుతున్నాయి. భర్త కువైట్‌లో డ్రైవరు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అంగడి దాటి రాలేదు. పోయినసారి పరీక్షలో బీపీ ఎక్కువుందని, కాళ్ళ వాపు మంచిది కాదని, సోమవారం తప్పకుండా రమ్మని పులివెందుల డాక్టరమ్మ చెప్పిందట. అత్త తోడు వస్తానని మాట ఇచ్చింది. ఆ పిల్ల మా అత్త శవం పక్కన కూర్చుని ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. “రేపే పోవాల పాపా. నాకు ఆడ ఏమీ తెలీదు” అంది. ఆమె దేనికి ఏడుస్తోందో ఆమెకే తెలియనట్టు ఉంది. పోయిన మనిషికీ, రాబోయే రేపటికీ కలిపి ఒకటే ఏడుపు.

అత్త తోడు ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. పదో తరగతిలో నేను తరచూ కళ్ళు తిరిగి పడిపోతుంటే నాన్న, అత్త నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బస్సులో ఆమె నా జబ్బు గురించి ఒక్క మాట అడగలేదు. దారిపొడవునా బొరుగుల ఉగ్గానిలోకి నిమ్మకాయ ఎప్పుడు పిండాలో చెప్పింది. ఎవరితో వెళ్ళినా అంతే. బస్సు దిగేదాకా వంటలు, చీరలు, సీరియళ్ళు. దిగాకే జబ్బు. భయాన్ని ఇంటి దగ్గర నుంచీ మోసుకుపోతే ఆస్పత్రి వచ్చేసరికి మనిషి అలిసిపోతాడని ఆమె లెక్క.

డాక్టరు నన్ను ఏదో అడిగింది. నాన్న ముందు నేను చెప్పలేక నేల చూస్తున్నాను. అత్త నాన్న వైపు తిరిగింది.

“అన్నా, నువ్వు పొయ్యి టీ తాగి రా.”

“ఇప్పుడే తాగినా గదమ్మా.”

“అయితే ఇంగొకటి తాగు.”

నాన్న వెళ్ళాడు. నేను చెప్పాను. రక్తం తక్కువైందని తేలింది, మందులు వాడాను, తగ్గింది. ఈ రోజు నేను ఇలా కూర్చుని రాయగలుగుతున్నానంటే నాన్న తాగిన ఆ రెండో టీ వల్లే.

డాక్టరు ముందు అత్త మాట్లాడేది కాదు. రోగి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. అర్థం కాకుండానే రోగి తల ఊపాడనుకోండి, ఆ చెయ్యి గట్టిగా నొక్కేది. బయటికి వచ్చాక చెట్టు కిందో క్యాంటీన్ మెట్ల మీదో కూర్చోబెట్టి, “ఇప్పుడు ఆయమ్మ చెప్పిందంతా నాకు చెప్పు. నేను చెవిటిదాన్ననుకో, గట్టిగా చెప్పు” అనేది. చెప్పలేకపోతే మళ్ళీ లోపలికి పంపేది. నర్సులు విసుక్కునేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు. “ఇసుక్కుంటే ఏమైతాది? ఇసుక్కుంటానే చెప్తారు” అనేది.

ఆమెకు వైద్యం ఏమీ తెలియదు. తెలుసని ఎప్పుడూ అనలేదు. ఒకసారి పంటినొప్పి ముసలాయన్ని తీసుకెళ్ళి కంటి డాక్టరు వరసలో నిలబెట్టింది. ఆయన కళ్ళల్లో చుక్కలు వేయించుకుని, కళ్ళద్దాలు రాయించుకుని, పన్ను అలాగే పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ కథ అందరికీ నవ్వుతూ చెప్పింది ఆమే. ముసలాయన మాత్రం కళ్ళద్దాలు తీయలేదు, పన్ను సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చీరలు ఆస్పత్రి బెంచీల మీదే కుట్టేది కాబట్టి వాటికి ఫినాయిల్ వాసన పట్టేది. ఒకామె దాని గురించి మా అరుగు మీద నిలబడి దెప్పింది. అత్త చీర మడత విప్పకుండానే ఆమె చేతిలో పెట్టి, “నీ బదులు నీ చీర పొయ్యొచ్చింది ఆస్పత్రికి. నువ్వు ఇంగ పోబల్లేదులే” అంది. ఆమె నవ్వుకుంటూ తీసుకెళ్ళింది.

ఎందుకు ఇదంతా అని నేను ఒకసారి అడిగాను. మామ జబ్బు పడినప్పుడు ఆమె ఒక్కతే వెళ్ళిందట. డాక్టరు చెప్పినదానికల్లా తల ఊపిందట. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో తెలియక తెలిసినట్టు ఇంటికొచ్చిందట. “ఆ పొద్దు నాకు దుడ్లు కాదు కావల్సింది. ‘ఇంగొకసారి చెప్పండి సార్’ అని అడిగే మనిషి కావాల” అంది.

ఇప్పుడు మొన్న శుక్రవారం సాయంత్రం గురించి రాయాలి. ఇది మా అమ్మే నాకు చెప్పింది, ఏడుస్తూ. రాస్తే అమ్మకు కోపం వస్తుందని తెలుసు. అయినా రాస్తాను.

శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళకు మా వీధి కమిటీ దారిలో అన్నదానం చేస్తుంది. మంచి పని. ఆకలితో వచ్చినవాళ్ళు కడుపు నిండా తింటారు. దాన్ని నేను తప్పు పట్టను. ఆ సాయంత్రం వీధి ఆడవాళ్ళంతా మా అరుగు మీద కూర్చుని వంకాయలు, గుమ్మడికాయలు కోస్తున్నారట. అత్త వచ్చి నిలబడింది.

“రేపు పులివెందులకు పొయ్యొద్దామనుకుంటాండా. ఎడమ చెయ్యి శానా గుంజుతాంది. ఎవరన్నా వస్తారామ్మే?”

“రేపు గండి గదా వదినా. సోమవారం పోదాంలే” అంది మా అమ్మ.

“నీకు తోడేందక్కా? ఆస్పత్రిలో నిన్ను ఎరగనోళ్ళు ఎవరుండారు?” అంది ఇంకొకామె. అందరూ నవ్వారట. అత్త కూడా నవ్విందట. నవ్వి, కత్తిపీట ఒకటి లాక్కుని, కూరగాయలన్నీ అయ్యేదాకా వాళ్ళతో కూర్చుని కోసిందట. గుంజుతున్న చేత్తోనే.

మా వీధి తప్పు ఇదీ. ఎవరికీ ఆమె మీద కోపం లేదు, ద్వేషం లేదు. ఇన్నేళ్ళుగా ఆమె అందరికీ తోడు వెళ్ళింది కాబట్టి ఆమెకు తోడు అక్కర్లేదనుకున్నారు. ఆస్పత్రి ఆమెకు పుట్టిల్లు అనుకున్నారు. ప్రతి ఇల్లూ అలాగే అనుకుంది. మంచివాళ్ళందరూ కలిసి చేసిన తప్పు కాబట్టి దీన్ని తప్పు అనడానికి కూడా ఎవరికీ నోరు రావడం లేదు.

శనివారం పొద్దున వీధి వీధంతా ఆటోల్లో గండి వైపు వెళ్ళింది. అత్త చీర సంచి పట్టుకుని బస్టాండుకు వెళ్ళింది.

తర్వాత జరిగింది ఈ రోజు చూడటానికి వచ్చిన నర్సు చెప్పింది. అత్తను ఎన్నోసార్లు విసుక్కున్నది ఆమేనట. “ఈ పొద్దు ఎవర్ని పిల్చుకొచ్చినావక్కా అని అడిగినా. నన్నే పిల్చుకొచ్చినా అనింది” అని చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నొప్పి ఎక్కువుందా అంటే అత్త అంతగా లేదు సార్ అందట. ఆయన గుండె పరీక్ష రాసిచ్చి వెళ్ళమన్నాడట. ఆమె తల ఊపిందట. భుజం నొక్కడానికి వెనక ఎవరున్నారు? పరీక్ష గది బయట బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో సగం కుట్టిన చీర. కుడుతూ కుడుతూ నిద్రపోయిందనుకున్నారట చుట్టుపక్కలవాళ్ళు. “పక్కన సొంత మనిషి ఒకరుంటే కేకేసి ఉందురు” అంది నర్సు. ఎవరినీ నిందించినట్టు కాదు, మామూలుగా అంది. ఆ మామూలుతనమే నాకు చెంపదెబ్బలా తగిలింది.

నర్సులు అత్త ఫోన్ నుంచి కమిటీ పెద్దకు చేశారట. ఆయన నాతో అన్నాడు: “ఫోన్ మోగిందమ్మా, మైకు మోతలో ఏమీ ఇనపళ్ళా. వడ్డన అయినంక చేద్దాంలే అనుకున్యా.” ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా మేలుకుని అన్నీ ఆయనే చూసుకున్నాడు. ఫ్లెక్సీ కూడా.

మధ్యాహ్నం శవాన్ని ఎత్తే ముందు ఒక నాయకుడు వచ్చాడు. దండ వేశాడు. తీరని లోటు అన్నాడు. వచ్చే ఏడాది నుంచి గండి అన్నదానం ఆమె పేరు మీదే జరగాలన్నాడు. కొందరు చప్పట్లు కొట్టబోయి, చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి చేతులు దించుకున్నారు.

అప్పుడు పూలంగడి కోడలు గడపలోంచి అడిగింది. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినబడింది.

“రేపు నాతో ఎవరొస్తారు?”

ఒక పెద్దాయన, “ఇప్పుడా పాపా అడిగేది” అన్నాడు. ఆ అమ్మాయి సిగ్గుపడి లోపలికి జరిగింది. సిగ్గుపడాల్సిన వాళ్ళు మాత్రం కదల్లేదు.

“ఇప్పుడు కాకుంటే ఎప్పుడడగాల మామా?” అన్నాను నేను. “అత్త కూడా ఇట్లనే అడిగింది గదా మొన్న.”

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. చదువుకున్న పిల్లవు, పెద్దల ముందు ఏంది ఇది అని ఎవరో అన్నారు. మా అమ్మ తల దించుకుంది. నాయకుడు ఫోన్ చూసుకున్నాడు. అత్తను ఎత్తారు.

నాకు ఈ మధ్య మాటలంటే పిచ్చి. కొత్త మాట కనబడితే రెండుసార్లు పైకి చదువుకుంటాను. కానీ ఈ రోజు పొద్దుటి నుంచీ ‘తీరని లోటు’ అన్న మాట వింటే ఒళ్ళు మండుతోంది. తీరని లోటు అనేస్తే ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. దండ వేసి ఇంటికి పోవచ్చు. అత్త చేసిన పనికి గొప్పతనం అక్కర్లేదు. ఒక మనిషి ఒక పూట తన పని మానుకుని ఇంకొకరి పక్కన కూర్చోవాలి. అంతే. తీరుతుంది ఆ లోటు. మా వీధిలో ఏ ఇంట్లోంచి ఎవరు లేచి బస్సెక్కినా తీరుతుంది. నిన్న శనివారం కూడా తీరేదే.

సాయంత్రం స్నానాలయ్యాక నాన్నకు చెప్పాను, రేపు నేను వెళ్తానని. నీకేం తెలుసు అక్కడ, నీకు పెళ్ళే కాలేదు, కాన్పుల ఆస్పత్రిలో నీకేం పని అన్నాడు. రేపు కాలేజీ ఉంది కదా అన్నాడు. నాకేమీ తెలియదు, నిజమే. ఏ వరస ఎక్కడో తెలియదు. డాక్టరమ్మ చెప్పేది ఆ పిల్లకు అర్థం కాకపోతే నాకూ అర్థం కాకపోవచ్చు. తెలియకపోతే అడుగుతాను అన్నాను. తర్వాత అమ్మ వంటింట్లోంచి, నాన్నకు వినబడేలాగే, “పొద్దున్నే రెండు పెట్టెల్లో ఉగ్గాని కట్టిస్తా. ఆ పిల్ల ఏమీ తినకుండా బయల్దేరుతాది” అంది. నాకు అమ్మ మీద కోపం ఇంకా పోలేదు. కొన్నాళ్ళు పోదు కూడా.

పూలంగడికి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ పిల్ల పాత చీటీలన్నీ ఒక సంచిలో సర్దుకుంటోంది. భయంగా ఉందా అని అడగబోయి మానుకున్నాను. పొద్దున్నే తలుపు తడతాను, మొదటి బస్సుకు పోదాం, కిటికీ పక్క సీటు నీదే అన్నాను. డాక్టరమ్మ గదిలోకి ఆమె ముందు నడుస్తుంది. నేను వెనక నిలబడతాను.