గేరుపెట్టెలో మెలికల ముగ్గు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో ఎడమకాలికి పని చెప్పని కారు ఒకే ఒక్కటి ఉండేది. అది డాక్టరమ్మగారిది. పసితనంలో వచ్చిన పోలియో వల్ల ఆవిడ ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేని మనిషి కారెలా నడుపుతుందని ఊరంతా అనుకుంటున్నప్పుడు, కొండల్లో పని ముగించుకుని దేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆవిడ ఈ పాత కారు కొన్నారు. దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారేవి. గొలుగొండ దాటి కొండల కింది పల్లెల దాకా ఒక్కరే నడుపుకుంటూ వెళ్ళి, పురుళ్ళు పోసి వచ్చేవారు. ఒక ఆడమనిషి స్టీరింగు పట్టుకోవడం నేను మొదట చూసింది ఆవిడనే.

ఆ కారు ఒకరోజు గొంతు చించుకుంటున్నట్టు అరుస్తూ, సైకిలుకన్నా నెమ్మదిగా వచ్చి మా ఇంటి ముందు ఆగింది. ఇంటిని ఆనుకునే మా పెదనాన్న మెకానిక్ షెడ్డు ఉండేది. తేదీ నాకు గుర్తు లేదు, గుర్తు లేని తేదీ నేను చెప్పను. జూన్ నెల మొదట్లో అని మాత్రం రూఢిగా చెప్పగలను. ఎలాగో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి గేరులోంచి రెండోదానిలోకి మారడం లేదన్నారు డాక్టరమ్మగారు. మద్రాసుకు ఉత్తరం రాస్తే, దాని సామాను ఈ దేశంలో దొరకదు, అమ్మేసుకోండని జవాబు వచ్చిందట. పెదనాన్న కారు కింద దూరి చాలాసేపు చూసి లేచారు.

"నాను బస్సులు, లారీలు ఇప్పినోణ్ణి. ఇలాటిదెప్పుడూ ఇప్పనేదు డాక్టరమ్మగారూ. ఇప్పితే మల్లీ బిగించగలనో నేదో సెప్పనేను."

"విప్పకపోయినా నేను ఇంట్లో కూర్చోవలసిందే కదా మేస్త్రిగారూ. డ్రైవర్ని పెట్టుకోమంటున్నారు అందరూ. అతనికి తీరికైనప్పుడు పురుళ్ళు రావు."

పెదనాన్న మళ్ళీ కారు కిందికి దూరారు. గేరుపెట్టె కింది మూత తీసి ఎర్రటి నూనెను తట్టలోకి వంపారు. లోపలినుంచి చిన్న పీటంత అల్యూమినియం దిమ్మను జాగ్రత్తగా దింపి వసారాలోకి తెచ్చారు. దాన్ని వాల్వ్ బాడీ అంటారని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. పెదనాన్నకైతే అది గేరుపెట్టె మెదడు. ఏ గేరు ఎప్పుడు పడాలో అందులో తిరిగే నూనే తేలుస్తుందన్నారు. పెద్దమ్మ అప్పుడు వసారాలో కూర్చుని దీపానికి వత్తులు చేస్తోంది.

"ఆ దూది లోపలెట్టు. ఒక్క పోగు ఎగిరినా సాలు, ఇది పాడైపోద్ది" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ దూది దాచి, చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

దిమ్మ రెండు పలకలుగా ఉంది. లోపలున్నవి జారిపోకుండా దాన్ని బోర్లా పెట్టి, బోల్టులు తీసి, పై పలకను నిద్రపోతున్న బిడ్డ మీది దుప్పటిలా లేపారు పెదనాన్న. నేనలాంటిది ఎన్నడూ చూడలేదు. లోహంలో సన్నటి కాలువలు. ఒక్కటీ తిన్నగా లేదు. వంపు తిరిగి, ఒకదాని పక్కనుంచి ఒకటి దూరి, మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. అక్కడక్కడా గుండ్రటి గూళ్ళలో మిరియపుగింజలంత ఉక్కు గుళ్ళు మెరుస్తున్నాయి.

"ఏటండీ ఇది, మెలికల ముగ్గులాగుంది" అంది పెద్దమ్మ.

పెదనాన్న తలెత్తి ఆవిడ వంక చూశారు. "గీయగలవా?"

"పిండి తెస్తానుండండి."

"పిండొద్దు. దుమ్ము."

నా బడి పెన్సిలు ఇచ్చాను. అయిపోయిన మే నెల కాగితాన్ని ఎవరూ చింపలేదు, గోడ మీది క్యాలెండరుకు ఇంకా అలాగే వేలాడుతోంది. దాన్ని చింపి వెనక్కి తిప్పారు. పెద్దమ్మ అంతకు ముందు పెన్సిలు పట్టలేదు. ముగ్గుపిండి పట్టుకున్నట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కిందికి వేలాడదీసి పట్టుకుంది. కానీ గీయలేదు. చూస్తూ కూర్చుంది. బస్సు చక్రాన్ని ప్రయాణికులు టీ తాగి వచ్చేలోగా ఊడదీసే పెదనాన్న కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం ఓపిక లేకపోయింది. బేగి గియ్యమని పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని కదిపాను.

"ఉండే పిల్లా. ముందు కంట్లో పడాల. కంట్లో పడనిది సేతిలోకి రాదు."

తరవాత పెన్సిలు కాగితానికి ఆనించింది. ఎక్కడా చెరపకుండా ఆ కాలువలన్నీ గీసి, గుండు ఉన్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టింది. అప్పుడు పెదనాన్న గుళ్ళు ఒక్కొక్కటీ తీసి, దొర్లిపోకుండా చిటికెడు గ్రీజు అద్ది, వాటి వాటి చుక్కల మీద పెట్టారు.

ఇక మిగిలినవి వేలెడంత వాల్వులు. వాటిని కిరసనాయిలుతో కడిగి, ఏ గుడ్డా తగలనివ్వకుండా ఆరనిచ్చి, దేని రంధ్రంలోకి దాన్ని వదిలారు. బాగున్న వాల్వు తన బరువుకు తానే జారాలట. ఒక్కొక్కటే చప్పుడు లేకుండా జారింది. ఒకటి మాత్రం సగంలో ఆగింది. తీసి వెలుతురులో తిప్పి చూస్తే, నల్లగా అంటుకుపోయిన నూలుపోగు. ఎవరో, ఎప్పుడో గుడ్డతో తుడిచినప్పుడు మిగిలిపోయింది. అంత కారూ, దానికోసం ఎదురుచూస్తున్న ఆ పల్లెలూ, అన్నీ ఆ పోగు దగ్గర ఆగిపోయాయి. పెదనాన్న దాన్ని గోటితో గీకి తీసి మళ్ళీ వదిలితే, ఈసారి ఆ వాల్వూ జారింది.

తిరిగి పెట్టేటప్పుడు రెండు గూళ్ళు పక్కపక్కనే ఒకేలా కనబడ్డాయి. మిగిలింది ఒకే గుండు. పెదనాన్న ఎడమదానిలో పెట్టారు.

"అది కాదండి. ఆ పక్కది" అంది పెద్దమ్మ. "సుక్క సూడండి. ఎడమ గూటిని సుట్టుకుని గీత ఎలిపోయింది. కుడిదాని కాడ ఆగింది."

షెడ్డులో పెదనాన్న మాటకు ఎదురు చెప్పిన మనిషి లేడు. ఆయన కాగితం చూశారు, లోహం చూశారు. గుండు తీసి కుడి గూటిలో పెట్టారు.

"రేపట్నుంచి షెడ్డుకి నువ్వే రా. వంట నాను సూసుకుంటాను" అన్నారు.

"మీ వంట తింటే డాక్టరమ్మగారు పల్లెలకెల్లక్కర్లేదు. మనింటికే రావాల."

సాయంత్రం డాక్టరమ్మగారు పెద్దమ్మనూ నన్నూ ఎక్కించుకుని గొలుగొండ రోడ్డు మీద కారు పోనిచ్చారు. ఇంజను చప్పుడు పెరిగింది. పెరిగి, సన్నటి నిట్టూర్పులాంటిది ఒకటి వదిలి నెమ్మదించింది. గేరు పడింది. ఆవిడ ఎడమకాలు కదలకుండా అలాగే ఉంది. ఆవిడ కారు పక్కకు తీసి ఆపారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఇప్పుడా నూనె నా ముగ్గులో తిరుగుతందన్నమాట" అంది పెద్దమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు.

మళ్ళీ ఎవరు విప్పినా ముందు ఇది చూపిస్తానని ఆ కాగితాన్ని డాక్టరమ్మగారు కారులోనే దాచుకున్నారు. నేను లెక్కల ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కలవని లెక్కైనా, కోడళ్ళ తగువైనా, చెయ్యి పెట్టే ముందు కంట్లో పడేదాకా కూర్చోవడం నాకు ఆ రోజే అలవాటైంది. ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తేదీన క్యాలెండరు కాగితం తిప్పి, గుమ్మం ముందు ఆ ముగ్గే వేస్తాను, ఏ కాగితమూ చూడకుండా. పక్కింటివాళ్ళు ఇదేం ముగ్గని అడుగుతారు. కారు ముగ్గు అంటే నవ్వుతారు. ఆ రెండు గూళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. గీత ఎక్కడ ఆగిందో చూసుకుని, కుడిదానిలో చుక్క పెడతాను.