తొలి పనలో తెగులు

కృపాదానం ఉద్యోగం తెగులును పెంచడం. బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి వరి పరిశోధన క్షేత్రంలో మడులు కట్టి, రకరకాల నారు పోసి, వాటి మధ్య అగ్గితెగులు పట్టిన మొక్కలు నాటి, ఆకు మీద తడి ఆరకుండా నీళ్లు చిలకరించేవాడు. అన్నీ మాడిపోయినాక ఏ రకం పచ్చగా నిలిచిందో ఆఫీసర్లు వచ్చి చూసుకునేవాళ్లు. పైరు బతికితే సంబరపడే ఇంట్లో పుట్టి, మాడితే జీతం తీసుకుంటున్నందుకు అతనికి లోపల ఎప్పుడూ ఒక గుబులు. కాలవలో మునిగి, చొక్కా మార్చుకుంటే గానీ అక్క మగ్దలీనమ్మ చేని గట్టు తొక్కేవాడు కాదు. అయినా ఊళ్లో అతను తెగుళ్ల కృపాదానమే.

పందొమ్మిది వందల అరవై రెండులో మగ్దలీనమ్మ వేసిన మొలగొలుకుల వరికి మెడవిరుపు, అంటే వెన్ను మెడకు పట్టే అగ్గితెగులు, తగిలింది. సగం వెన్నులు తాలుగా పోయాయి. మిగిలినవాటిలోంచి ఏరి ఏరి ఒక పన కట్టి, కోతల పండగనాడు చర్చిలో బల్ల ముందు పెట్టింది. ఆ తొలి పనను వేలంలో పాడుకున్నవాళ్లు నూర్చి, ఇంటింటికీ గుప్పెడు గింజలు పంచాలి. ఎవరికి వాళ్లు వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటారు. అది ఆ సంఘం ఆచారం.

కృపాదానం చూపు వెన్నుల మెడల మీదే పడింది. అక్కడక్కడా నల్లటి మచ్చలు. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ప్రార్థన ముగియగానే అక్క దగ్గరికి పోయాడు.

“అక్కా, పన వెనక్కి తీసుకో. దాంట్లో తెగులుండాది.”

“దేవునికిచ్చినదాంట్లో తెగులేందిరా? నీ కళ్లకు పట్టినట్టుండాది.”

గట్టిగా చెబితే అక్కకు తలవంపు. ఊరుకుంటే వచ్చే ఏడు ఊరి మడులన్నీ తన ఆఫీసు మడులవుతాయి. వేలం మొదలైంది. ఎవరు పాడినా దానిపైన పాడాడు.

“గవర్నమెంటు జీతం గదా, పాడతాడు!” అన్నారెవరో వెనకనుంచి.

పన అతనికే దక్కింది. తమ్ముడు తన పరువు నిలబెట్టాడని మగ్దలీనమ్మ కళ్లు తుడుచుకుంది. నూర్పు కాగానే ఆడవాళ్లు కొంగులు చాపి వరసకట్టారు. ఇక తప్పించుకునే దారి లేదు.

“కొంగులు దించండమ్మా. ఇయ్యి విత్తనానికి పనికిరావు. దంచి ప్రేమవిందు ఎసట్లో పోద్దాం. తింటే ఏం కాదు, చల్లితేనే చేటు.”

“ఏమయ్యా, ఆఫీసులో పెంచేది చాల్లేదా, దేవుని సన్నిధికీ తెచ్చినావా?” అని నవ్వాడు సమాధానం అనే సంఘపెద్ద. నవ్వుతూనే నూర్చిన గడ్డిలోంచి ఒక వెన్ను అందుకున్నాడు. మచ్చ దగ్గర అది పుటుక్కున విరిగింది. రోలు తెప్పించాడు.

ప్రేమవిందుకు సంఘమంతటికీ విస్తళ్లు వేశారు. మగ్దలీనమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది.

“నా చేను తెగుల్దని అందరి ముందరా చెప్పినావు గదరా.”

“చెప్పినాను, అక్కా.”

ముద్ద కలుపుతూ అతను తలెత్తాడు. నూర్చిన గడ్డి చర్చి వెనకాలే పడివుంది. పాస్టరు గారి బర్రె అటే నడుస్తోంది. ఆ గడ్డిలోనూ తెగులే; బర్రె ఈడ్చి చెదరగొడితే మళ్లీ మడులకే చేరుతుంది. కృపాదానం ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. గడ్డి ఏరి పొయ్యిలో వేసి, మండేదాకా నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే మగ్దలీనమ్మ. బర్రె మూతినుంచి లాక్కున్న నాలుగు పోచలు ఆమె చేతిలో ఉన్నాయి.

“ఇయ్యి కూడా ఎయ్యి,” అంది, అతని మొహం చూడకుండా.