అక్కకు తాగించిన మందు

మా అక్క అత్తగారిని నేను క్షమించలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, నాకూ ఎనభై దాటాయి. ఆ కోపం మాత్రం పాతబడలేదు.

యుద్ధం రోజుల్లో అక్క కాటన్‌పేటలో అత్తగారింట్లో మొదటి కడుపుతో ఉండేది. బావ సైన్యంలో గుమాస్తా. బర్మా వైపు ఉన్నాడని తప్ప కబురు లేదు. "నువ్వు కాలు పెట్టినాకనే నా కొడుకు దూరమైనాడు" అని అత్తగారు పొద్దున్నే మొదలుపెట్టేది. అక్క ఏడ్చేది. ఆ ఏడుపు ఆపడానికి అత్తగారే రోజూ సాయంత్రం 'మందు' తాగించేది.

నేను మిల్లు ఆఫీసులో కొత్తగా చేరాను. శుక్రవారాలు అక్కను చూసివచ్చి డైరీ రాసేవాణ్ణి: "కొంచెమే తిన్నది. మందు తాగింది. నిద్రపోయింది." మా ఇళ్లల్లో సారాయినీ మందే అంటారు. అయినా నాకు తట్టలేదు. కాన్పునాడు మంత్రసాని ఆ మందు సీసా వాసన చూసి, "ఇది బ్రాందీ గదప్పా" అంది.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండినా పిడికెడే ఉంది. ఐదేళ్లొచ్చినా ఒకచోట కూర్చోదు, చెప్పింది గుర్తుండదు, పక్కపిల్లల చేతులు కొరుకుతుంది. బావ తిరిగొచ్చాక అత్తగారు, "వీళ్ల వంశమే పిచ్చిది" అని కులపెద్దలను పిలిపించింది. అక్కనూ పిల్లనూ మా ఇంటికి తోలేసి, కొడుక్కి రెండో పెళ్లి చేయాలని ఆమె పట్టు.

డైరీ పట్టుకుని వెళ్లాను. న్యాయం కోసమని ఇప్పుడు చెప్పుకోను. నలుగురిలో ఆమె తల వంచాలనే వెళ్లాను. వారం వారం చదివాను. 'మందు' అని ఉన్నచోటల్లా 'బ్రాందీ' అని పలికాను.

"డాక్టర్లు ఇచ్చేదీ అదే గదప్పా" అందామె.

ఒక పెద్దాయన, "నేను రెండు గుక్కలేస్తే నా పెండ్లాము మూడు దినాలు కూడు పెట్టదు. నువ్వు కడుపుతో ఉండే కోడలికి దినామూ పోస్తివా వదినా?" అన్నాడు. ఆడవాళ్లు నవ్వి, అంతలోనే పిల్లను చూసి ఊరుకున్నారు.

తర్వాతి పేజీ దాటేద్దామనుకున్నాను. అక్క నన్నే చూస్తోంది. చదివాను: "మందు అయిపోయింది. అత్తగారు చీటీ ఇస్తే కాగితం చుట్టిన సీసా నేనే తెచ్చాను."

"వింటిరా? తెచ్చింది ఈయప్పే" అంది అత్తగారు.

"తెచ్చినాను. ఏమని చెప్పి తెప్పిస్తివో అదీ చెప్పు అత్తా" అన్నాను.

ఆమె కొడుకు వైపు తిరిగింది. బావ లేచి పిల్లను ఎత్తుకున్నాడు. అది భుజం కొరికినా దించలేదు. "ఇంకో పెండ్లి మాట ఎత్తొద్దమ్మా" అన్నాడు.

కడుపులో బిడ్డకు తాగుడూ తల్లి దిగులూ రెండూ చేటేనని డాక్టర్లు రాసింది నేను చాలా ఏళ్లకు చదివాను.

మంచం పట్టాక అత్తగారు నన్ను పిలిపించింది. "మంచికే ఇస్తినని నలుగురిలో ఒక్క మాట చెప్పప్పా" అంది. మంచికే ఇచ్చి ఉండొచ్చు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతలో వంటింట్లో మాడువాసన. పెళ్లీడు దాటిన మేనకోడలు పొయ్యి మీద పాలు మరిచి వీధిలోకి వెళ్లిపోయింది. అక్క దాని వెనక పరుగెత్తింది.

నేను పాలగిన్నె దించి, అత్తగారికి ఏమీ చెప్పకుండా వచ్చేశాను.